తోటరాముడూ అల్లావుద్దీనూ: మాయకి షరతు ఉండాల్సిందే

పాతాళభైరవి సినిమా మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు "అదంతా అల్లావుద్దీన్ కాపీయే కదా" అంటారు. మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయి ఇదే మాట అన్నాడు, అదీ డెబ్బై ఏళ్ళుగా ఎవరికీ తెలియని గుట్టు రట్టు చేసినట్టు. లెక్కపెడితే బాబాయిది తప్పేమీ కాదు. రెండింట్లోనూ కుర్రాడు పేదవాడు, తల్లి చాటు బిడ్డ. రాకుమారి మీద మనసు పడతాడు. ఎక్కడో దూరదేశం నుంచి ఒక మాంత్రికుడు వచ్చి, ఈ కుర్రాణ్ణి అడ్డం పెట్టుకుని ఒక మహిమగల వస్తువు కొట్టేద్దామనుకుంటాడు. వస్తువు కుర్రాడి చేతికే చిక్కుతుంది. రాత్రికి రాత్రి మేడ లేస్తుంది. తర్వాత వస్తువు మాంత్రికుడి చేతిలో పడి, ఆ మేడ రాకుమారితో సహా మాయమవుతుంది. దీపం ఉన్నచోట బొమ్మ పెట్టారు, భూతం ఉన్నచోట దేవతని పెట్టారు, అంతే.

సరే, కాపీ. మరి అల్లావుద్దీన్ ఎవరి సొత్తు?

మనందరికీ అది అరేబియన్ నైట్స్ కథగా తెలుసు. కానీ ఆ కథల పాత అరబిక్ రాతప్రతుల్లో అల్లావుద్దీన్ లేడు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఆంట్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడు వాటిని అనువదిస్తూ ఉండగా, చేతిలో ఉన్న కథలు అయిపోయాయి. 1709లో పారిస్‌లో ఆయనకి సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు తగిలాడు. అతను నోటితో చెప్పిన కథల్లో అల్లావుద్దీన్ ఒకటి. గాలాన్ దాన్ని రాసుకుని, పెంచి, తన పుస్తకంలో కలిపేశాడు. పైగా ఆ కథ జరిగేది చైనాలో, అందులో పాలించేది సుల్తాను, మాంత్రికుడు వచ్చేది ఆఫ్రికా నుంచి. అలెప్పో కుర్రాడు పారిస్‌లో ఫ్రెంచివాడికి చెప్పిన చైనా కథ! దీనికి యజమాని ఎవరో తేల్చి, ఆ తర్వాత సినిమా రాసిన పింగళి నాగేంద్రరావు మీద దొంగతనం కేసు పెట్టాలి.

పాతాళభైరవి కథ మన దగ్గరికి నేరుగా గాలాన్ నుంచి రాలేదు కూడా. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లోని ఒక కథ దానికి ప్రేరణ. ఆ పుస్తకం కట్టుబడే గమ్మత్తుగా ఉంటుంది. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరుతూ తోడు కోసం పశువులు కాసే ఒక కుర్రాణ్ణి అడుగుతాడు. వాడు ఊరికే రానంటాడు. మజిలీ మజిలీకి నేను అడిగిన కథ చెప్తేనే వస్తానని బేరం పెడతాడు. సంపుటాల కొద్దీ కథలన్నీ ఆ బేరం మీదే నడుస్తాయి. చెప్పడం ఆపితే కాశీ ప్రయాణం కూడా ఆగిపోతుంది.

ఈ బేరం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

బాబాయి చూడనిది ఇంకోటుంది. సినిమా జరిగే ఊరు ఉజ్జయిని. ఉజ్జయిని అనగానే మనకి ఎవరు గుర్తొస్తారు? శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు. ఆ బేతాళ కథల చివర్లో ఏం జరుగుతుందో చాలామంది మర్చిపోతారు. శవాన్ని తెమ్మన్న సన్యాసి నిజానికి రాజునే బలివ్వాలనుకుంటాడు. సాష్టాంగపడు, అంటాడు. నేను రాజుని, నాకు ఇంకొకరికి మొక్కడం తెలియదు, ఎలాగో నువ్వు చేసి చూపించు, అంటాడు విక్రమార్కుడు. వాడు బోర్లా పడగానే తల నరికేస్తాడు. బలివ్వడానికి తెచ్చినవాడి చేతిలో తనే బలైపోయే మాంత్రికుడు అల్లావుద్దీన్‌లో లేడు. అక్కడి మాంత్రికుడు దీపం ఇవ్వలేదన్న కోపంతో కుర్రాణ్ణి గుహలో మూసేసి వెళ్ళిపోతాడు. తోటరాముడు మాంత్రికుణ్ణే బలిచ్చే ఘట్టం, పాతాళభైరవికి గుండెకాయలాంటిది, బేతాళుడి ఇంటిది.

రాముడి నేస్తం అంజిగాడి చెప్పుల కథ ఇంకా పాతది. సినిమా చివర్లో ఇద్దరు రాక్షసులు పిత్రార్జితం పంచుకోలేక కొట్టుకుంటుంటారు. ఆస్తి ఏమిటయ్యా అంటే, కప్పుకుంటే ఎవరికీ కనపడని శాలువా, తొడుక్కుంటే అనుకున్నచోటికి తీసుకెళ్ళే చెప్పులు. తీర్పు చెప్తానంటూ అంజి మధ్యలో దూరి రెండూ పట్టుకుపోతాడు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో పుత్రకుడనేవాడు సరిగ్గా ఇదే పని చేస్తాడు. మయుడి కొడుకులిద్దరూ ఒక పాత్ర, ఒక కర్ర, ఒక జత పాదుకల కోసం కొట్టుకుంటుంటే, కుస్తీ ఎందుకు, పరుగెత్తండి, గెలిచినవాడికి అన్నీ, అంటాడు. వాళ్ళు అటు పరుగెత్తగానే పాదుకలు తొడుక్కుని ఇటు ఎగిరిపోతాడు. జర్మనీలో గ్రిమ్ సోదరులు పోగుచేసిన కథల్లోనూ రాక్షసులు కనపడకుండా చేసే అంగీ కోసం, బూట్ల కోసం తన్నుకుంటారు, మూడోవాడు కొట్టేస్తాడు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో మధ్యవర్తి బాగుపడటం ప్రపంచంలో అన్ని ఊళ్ళకీ తెలిసిన సంగతే అనుకుంటా.

అంచేత కాపీయా కాదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఇన్నిచోట్ల నుంచి ముక్కలు తెచ్చి కుట్టిన సినిమా 1951 మార్చిలో విడుదలైతే, అది చూసిన తాతల మనవలు కూడా ఇవాళ దాని డైలాగులు ఎందుకు వాడుతున్నారు? అదే ముక్కలతో, వెయ్యి రెట్ల డబ్బుతో తీసిన సినిమాలు ఆదివారం గడవకముందే ఎందుకు మర్చిపోతున్నాం?

నా సమాధానం ఒకటే. అద్భుత కథని నిలబెట్టేది మాయ మీద పెట్టిన షరతు. ఏం చెయ్యగలదో చూపిస్తే కళ్ళు తిప్పుకోం, నిజమే. ఏం చెయ్యలేదో తెలిసినప్పుడే కుర్చీ అంచుకి జరుగుతాం.

పాతాళభైరవి షరతులతో మొదలై షరతులతో నడుస్తుంది. రాజు పెట్టేది మొదటిది: నా అంత ఐశ్వర్యం సంపాదించుకు వస్తేనే పిల్లనిస్తా. ఇది అచ్చం మన పెళ్ళి సంబంధాల షరతే, మాయ లేదు మర్మం లేదు. రెండోది మాంత్రికుడి నెత్తిన ఉంది. పాతాళభైరవి ప్రసన్నం కావాలంటే సాహసవంతుడూ తెలివైనవాడూ అయిన యువకుణ్ణి బలివ్వాలి. ఈ షరతు ఎంత పదునైందో చూడండి. ఎవడో అమాయకుణ్ణి పట్టుకొస్తే పని జరగదు. తెలివైనవాణ్ణి తేవాలి, వాడి తెలివి వాడి ప్రాణం కాపాడుకోవడానికి పనిచెయ్యకూడదు. ధైర్యవంతుణ్ణి తేవాలి, ఆ ధైర్యం తనమీదికి తిరక్కూడదు. కోరుకున్న సరుకు ఎంత నాణ్యమైనదైతే తనకి అంత ప్రమాదం. విలన్ ఓటమి వాడి అవసరంలోనే ఉంది. హీరో కోసం పైనుంచి దేవుడు దిగి రావాల్సిన పని లేదు.

మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు నటన గురించి అందరూ రాశారు కాబట్టి నేను మళ్ళీ రాయను. అప్పటికి ఆయనకి 33 ఏళ్ళు కూడా నిండలేదన్నది మాత్రం నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాదు. ఆయన నోట వచ్చిన "సాహసం సేయరా డింభకా" అనే మాట ఉందే, దాని సంగతి చెప్పుకోవాలి. పోటీ పరీక్షకి వెళ్ళేవాణ్ణీ, వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాణ్ణీ, పెళ్ళిచూపులకి వెళ్ళేవాణ్ణీ ఆ మాటతోనే సాగనంపుతాం. దాంతో దీవించేస్తున్నాం అన్నట్టు ఉంటుంది. సినిమాలో ఆ మాట అన్నవాడు కుర్రాణ్ణి నరకడానికి తీసుకెళ్తున్నాడు! గుహలో అడుగడుగునా గండం, ప్రతి గండం దగ్గరా వెనకనుంచి ఆ హుషారు. వాడు పైకి ఇస్తున్నది ప్రోత్సాహం, లోపల చేస్తున్నది పరీక్ష. ఈ గండం దాటితే బలికి పనికొస్తాడు, దాటకపోతే ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. రాముడు ఒక్కో గండం దాటుతుంటే మాంత్రికుడి మొహంలో కనిపించే సంతోషం కల్తీ లేనిది, అందుకే అది అంత భయంగా ఉంటుంది. రాముడు చంపిన మొసలి శాపం తీరి స్త్రీగా మారి చెప్తే తప్ప అతనికి సంగతి తెలియదు. మనకి ముందే తెలుసు. రాముడికి తెలిసేదాకా మనకి టెన్షన్.

ఇక బొమ్మ. "నరుడా! ఏమి నీ కోరిక?" అని భైరవి వేషంలో గిరిజ ప్రత్యక్షమై ఏం అడిగితే అది ఇచ్చేస్తుంది. ఇక్కడ షరతేదీ అని మీరు అడగొచ్చు. మొదట్లో నాకూ కనపడలేదు, ఎందుకంటే సినిమా దాన్ని డైలాగులో చెప్పదు, జరిపి చూపిస్తుంది. భైరవికి పక్షం లేదు. బొమ్మ ఎవడి చేతిలో ఉంటే వాడి కోరికే తీరుస్తుంది. రాముడికి మేడ కట్టిచ్చిన దేవతే, మర్నాడు, శిష్యుడు సదాజపుడు మళ్ళీ బతికించిన మాంత్రికుడు అడిగితే ఆ మేడని ఎత్తుకెళ్తుంది. నిన్న ఇచ్చాను కదా అని మొహమాటపడదు. మంచివాడన్న అభిమానం ఉండదు. దేవత మంచివాళ్ళ వైపు ఉంటుందని పురాణ సినిమాలు అలవాటు చేసిన ప్రేక్షకుడికి, 1951లో, ఇది చిన్న సంగతి కాదు. మాంత్రికుడి మాటల్లో పడి రాజుగారి బావమరిది బొమ్మ దొంగిలించే ఘట్టంలో రేలంగిని చూసి నవ్వుతూనే ఉంటాం, ఆ నవ్వు వెనకే గుండె దడ. దొంగ పిరికివాడైనా, వెర్రివాడైనా భైరవికి తేడా లేదని మనకి తెలుసు.

ఇంకో షరతుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బొమ్మ చేతికొచ్చాక మాంత్రికుడు మేడని ఎత్తుకెళ్ళగలిగాడు, రాకుమారిని ఎత్తుకెళ్ళగలిగాడు. ఆమె మనసు మాత్రం మార్చలేకపోయాడు. బొమ్మని అడిగేస్తే పోయేదానికి ఆమె వెంటపడతాడు, బతిమాలతాడు, బెదిరిస్తాడు. చివరికి ఆమె మెప్పు కోసం ఆ గడ్డం తీయించుకోవడానికి కూడా ఒప్పుకుంటాడు. సదాజపుడి వేషంలో పక్కన చేరిన అంజి మాటలు నమ్మి! పాతాళాన్ని వశం చేసుకున్నవాడు పెళ్ళికొడుకు ముస్తాబుకి కూర్చోవడం ఎంత నవ్వొస్తుందో అంత అర్థవంతంగానూ ఉంటుంది. రాముడి వైపు నుంచి చూసినా అంతే. మాయ చేతికి రాకముందే రాకుమారి ఇందుమతి అతన్ని ప్రేమించింది. అతనికి తక్కువైంది డబ్బు, ఆ డబ్బు మాత్రమే బొమ్మ ఇచ్చింది.

సరిగ్గా 41 ఏళ్ళ తర్వాత, 1992లో, డిస్నీ వాళ్ళు అల్లావుద్దీన్ని బొమ్మల సినిమాగా తీశారు. గాలాన్ కథలో దీపం భూతానికి లెక్కా పత్రం లేదు, ఎన్ని అడిగితే అన్ని. డిస్నీ వాళ్ళు మూడు కోరికలే అని గీత గీశారు. దాని పైన ఇంకా: ఎవర్నీ చంపను, చచ్చినవాళ్ళని బతికించను, ఒకరికి ఇంకొకరి మీద ప్రేమ పుట్టించను. రాకుమారి కోసం తపించిపోయే కుర్రాడికి ఆ చివరిది ఎంత దెబ్బో! వాళ్ళు పాతాళభైరవి చూసి ఆ షరతు పెట్టారని నేను అనడం లేదు. కథ చెప్పడం తెలిసినవాళ్ళు ఇద్దరూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకేచోట గీత గీశారని అంటున్నాను. సిండ్రెల్లాకి అర్ధరాత్రి గడువు పెట్టిన ఫ్రెంచి రచయిత పెరో కూడా ఈ బాపతే. ఆ గడువు లేకపోతే చెప్పు జారేది కాదు, కథే లేదు.

మన దగ్గర ఈ విద్యకి లోటు ఎప్పుడూ లేదు. కాశీకి తోడెళ్ళే కుర్రాడు పెట్టిన బేరమూ షరతే. బేతాళుడు పెట్టే మెలికకి సాటి వచ్చేది ప్రపంచంలో ఇంకోటి ఉందా అని నాకు అనుమానం. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుని కత్తితో ఏమీ చెయ్యలేం, వాడి ప్రాణం సముద్రాల అవతల చిలకలో ఉంది. చందమామ పత్రిక చదివి పెరిగినవాళ్ళకి ఇవన్నీ ఉగ్గుపాలతో వచ్చాయి. ఆ పత్రిక పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా సంస్థ పేరుతో ఈ సినిమా తీశారు. 1947లో పిల్లల పత్రిక, నాలుగేళ్ళకి పాతాళభైరవి. దర్శకుడు కె.వి.రెడ్డి అప్పటికే గుణసుందరి కథతో ఈ తరహా కథల్లో చెయ్యి తిరిగినవాడు.

పాత సినిమా గొప్పది, కొత్తది చెత్త అనే పాటకి నేను తాళం వెయ్యడం లేదు. నాకు గ్రాఫిక్స్ ఇష్టం. పాతాళభైరవి కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీకి ఇవాళ్టి కంప్యూటర్ దొరికితే వద్దనేవాడా? ఆయన కెమెరాలోనే రెండుసార్లు ఫిల్ము తిప్పి, వెలుగుతోనూ అద్దకంలాంటి సెట్లతోనూ నెట్టుకొచ్చాడంటే, ఉన్నవి అవే కాబట్టి. ఈ మధ్య మా మేనల్లుణ్ణి తీసుకుని ఒక పెద్ద ఫాంటసీ సినిమాకి వెళ్ళాను. పేరు చెప్పను. కొండలు ఎగిరాయి, సముద్రం నిలబడింది, మబ్బుల్లో ఏనుగులు నడిచాయి. హీరో రెండు గంటలసేపు దెబ్బలు తిని, చివర్లో ఒంట్లోంచి ఒక వెలుగు తీసి విలన్‌ని బూడిద చేశాడు. మేనల్లుడు పాప్‌కార్న్ నములుతూ, "మామయ్యా, ఆ లైటు ఫస్టే తియ్యొచ్చు కదా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే సినిమా దగ్గరా లేదు. ఎందుకు తియ్యలేడో మాకు ఎవరూ చెప్పలేదు. గీత లేకుండా కబడ్డీ ఆడితే ఎవడు అవుటో ఎవడికి తెలుస్తుంది?

డబ్బు ఖర్చుపెట్టడం తప్పు కాదు, ఖర్చుపెట్టిన డబ్బు కథ రాసుకునే దశలో జరగాల్సిన పనికి బదులవుతుందనుకోవడం తప్పు. 1990లో వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరి చూడండి. దేవకన్య ఉంగరం మానససరోవరం దగ్గర జారిపోయింది, ఒక టూరిస్టు గైడుకి దొరికింది, అది లేకుండా ఆమె స్వర్గానికి వెళ్ళలేదు. ఇంతే షరతు. స్నానం చేసే దేవకన్యల చీరలు దాచేసే పాత కథే, చీరకి బదులు ఉంగరం. శ్రీదేవి, చిరంజీవి, ఇళయరాజా అందరూ ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతారు. మొన్న 2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్‌లో మణి ఎండ ఉన్నంతసేపే పనిచేస్తుంది, పొద్దు కుంకితే కుర్రాడు మళ్ళీ మామూలోడే. థియేటర్లో చిన్నపిల్లలు సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకుంటూ సినిమా చూశారు. దానికంటే ఎన్నో రెట్లు ఖర్చయిన సినిమాలు ఆ పని చేయించలేకపోయాయి.

ఇంత పొగిడాక పాతాళభైరవిలో నాకు నచ్చనివీ చెప్పాలి. ఇందుమతికి సొంతంగా చేసే పని చాలా తక్కువ. ప్రేమిస్తుంది, ఏడుస్తుంది, ఎదురుచూస్తుంది. మాంత్రికుణ్ణి గెలవనివ్వనిది ఆమె మొండితనమే అయినా, గెలుపు లెక్క అంజికీ రాముడికీ వెళ్ళిపోతుంది. పాటలు అన్నీ ఘంటసాల మాణిక్యాలే, ఒప్పుకుంటాను, కానీ మూడు గంటలు దాటిన సినిమాలో కొన్ని చోట్ల కథని పక్కన కూర్చోబెట్టి పాడతారు.

ఇంకోటి దీనికంటే పెద్దది. ఈ కథలన్నిట్లో దుర్మార్గం ఎప్పుడూ పరాయి చోటు నుంచే వస్తుంది. గాలాన్‌కి ఆఫ్రికా, మనకి నేపాళం. బాలనాగమ్మని ఎత్తుకెళ్ళినవాడు కథలో ఫకీరు, 1942 నాటి సినిమాలో మరాఠీ. విన్నవాళ్ళకి తేలిగ్గా ఉంటుంది, మన ఊళ్ళో అలాంటివాళ్ళు లేరని. నిజానికి సినిమాలో బొమ్మ దొంగిలించిన రేలంగి ఉజ్జయినివాడే, అంతఃపురంలో మేపిన మనిషి. వాడికి క్షమాభిక్ష, నేపాళంవాడికి చావు.

ఎవరైనా ఈ సినిమాని మళ్ళీ తీస్తామంటే నా కోరికలు రెండే. భైరవికి ఆ నిష్పక్షపాతం అలాగే ఉంచండి, హీరో మీద జాలిపడే సీను రాయకండి. మాంత్రికుణ్ణి మాత్రం ఎక్కడో నేపాళం నుంచి పిలిపించొద్దు. రాముడి తోటకి నాలుగిళ్ళ అవతల, చిన్నప్పటి నుంచి వాణ్ణి ఎత్తుకుని తిప్పిన పెద్దమనిషిని చెయ్యండి. "సాహసం సేయరా" అని ఆయన చేత అనిపించండి.